సున్నా కేసుల వీధి

ఆరోగ్య కేంద్రం వెనక డ్రమ్ము దబ్బున బోర్లా పడింది.

శిక్షణలో ఉన్న డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. చేతికర్రతో ఒక ముసలాయన, చుట్టూ మడుగు.

"అయ్యో, ఏమిటండీ ఈ పని!"

"మూత లేదమ్మా. వారం నాటి నీళ్లు. దోమపిల్లలు ఈదుతున్నాయి, చూడు."

"నాకు చెప్పడానికి మీరెవరండీ? డాక్టర్ని నేను!"

ఆయన నవ్వి, కర్ర ఊతంగా గేటు వైపు నడిచాడు.

"ఒలకబోత తాత లెండి మేడమ్," అంది నర్సు. "శుక్రవారం వచ్చిందంటే ఈ వీధిలో ఏ ఇంటినీ వదలడు. తిట్లు తింటాడు, నీళ్లు పారబోస్తాడు."

"ఇకమీదట లోపలికి రానివ్వకండి. ఇళ్లవాళ్లతోనూ నేనన్నానని చెప్పండి."

అసలే ఆమె చిరాకులో ఉంది. సర్జరీ సీటు రాక ఈ నివారణ వైద్యంలో చేరింది. రాని జబ్బును ఆపితే దండం పెట్టేదెవరు? సర్జరీకి మారతానని ఆ శాఖాధిపతికి రాసిన దరఖాస్తు సంచీలో సిద్ధంగా ఉంది. ఈ జ్వరాల నివేదిక ఒక్కటి ఇచ్చేస్తే పీడా పోతుంది.

చుట్టుపక్కల వీధులన్నిటా డెంగీ. ఈ వీధిలో మాత్రం ఏడాదంతా సున్నా.

"అదెలా కుదురుతుంది? రాయడం మరిచిపోయుంటారు," అనుకుని, సున్నా పక్కన 'నమోదు లోపం' అని రాసి పడేసింది.

నెల తిరిగేసరికి ఆ వీధిలో పదకొండు మందికి జ్వరం. ఒక పసివాణ్ణి పెద్దాసుపత్రికి మోసుకెళ్లారు.

ఆమె కాగితాలు మళ్లీ తిరగేసింది. నమోదులో ఏ లోపమూ లేదు. ముసలాయన రావడం మానిన మూడో వారం నుంచే జ్వరాలు.

ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. ఆయన భార్య తలుపు తీసింది.

"తాతగారున్నారా, బామ్మగారూ? తప్పయిపోయిందని చెప్పాలి. మళ్లీ రమ్మనాలి."

"పోయి పది రోజులైందమ్మా. గుండెపోటు. ఎవరో డాక్టరమ్మ వద్దందట. చివరి శుక్రవారాలు పాపం, గుమ్మంలోనే కూర్చున్నారు."

ఆమెకు ఏడుపు ఆగలేదు. తలెత్తితే గోడమీద రెండు జడల పిల్ల ఫొటో.

"మా అమ్మాయి. డెంగీతోనే పోయింది. మా పూలకుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలిచాయి. నేనూ చూసుకోలేదు. ఆయనకా, ఎప్పుడూ ఆపరేషన్లే."

"ఆపరేషన్లా?"

పక్కనే ఇంకో ఫొటో, తెల్లకోటులో ఆయన. కింద 'సర్జరీ శాఖాధిపతి' అని ఉంది.

ఆమె సంచీలోని దరఖాస్తు ఏ కుర్చీకి రాసిందో, ఆ కుర్చీని కూతురు చనిపోయిన నెలలోనే వదిలేసి, ఆయన డ్రమ్ములు బోర్లించడానికి బయల్దేరాడు.