దాలయ్య ఆఖరి మాట

బెస్త దాలయ్యను కొందరు కొట్టి చంపి ఏడాది కావస్తోంది. ఏడాది నిండే రోజున చర్చిలో చదవడానికి పాస్టరు అతని చరిత్ర రాశాడు. శ్రీకాకుళంలో డీటీపీకి ఇచ్చేముందు దాలయ్య భార్య కూర్మమ్మకు చదివి వినిపిస్తున్నాడు.

“యేసును వదిలేస్తావా అని వాళ్లు అడిగారు. వదలనన్నాడు దాలయ్య. తెడ్డుతో తల పగలగొట్టారు. అతడు మోకరించి, తండ్రీ వీళ్లను క్షమించు అంటూ చిరునవ్వుతో ప్రాణం విడిచాడు.”

కూర్మమ్మ చేపలు కోస్తున్న కత్తి పక్కన పెట్టింది.

“నవ్వనేదు బాబూ. గావుకేకలెట్టాడు. మొదటి దెబ్బకి పళ్లు రాలిపోయాయి. రెండో దెబ్బకి సెయ్యి ఇరిగి ఏలాడింది. అమ్మా, అమ్మా అని ఇసకలో దొర్లాడు. నా కోకంతా నెత్తురే.”

“అలా రాస్తే ఎలాగమ్మా? యేసు కోసం ప్రాణాలిచ్చిన మొదటి కాలం హతసాక్షులు మంటల్లో కూడా పాటలు పాడుతూ చనిపోయారు. వినేవాళ్లకి విశ్వాసం పెరగాలి కదా!”

“ఆళ్లు యేసు మాటే ఎత్తనేదు. దెబ్బదెబ్బకీ ఒకటే అడిగారు, ‘పాస్టరెక్కడ్రా?’ అని. పుర్రె పగిలేదాకా మా ఆయన ‘నాకు తెల్దు’ అనే అన్నాడు. మీరు పక్కనే వలల కింద ఉన్నారు గదా బాబూ, మీకు ఇనబడనేదా?”

పాస్టరు చేతిలో కాగితాలు చింపేశాడు. కొత్త కాగితం మీద రెండు ముక్కలు రాసి ఆమెకు చదివాడు.

“అంతా విన్నాను. నేను బయటికి రాలేదు.”