నడివేసవిలో పెట్టిన సభ

ఈ తాబేలు తాత మాట నమ్మనివాళ్లుంటే ముందుకు రండి, డిప్ప మీద కొట్టి మరీ చెబుతాను!

చెరువు అడుగు బురదంతా తోడేసి చేపల వ్యాపారం పెంచుతామని కొంగల పంచాయితీ చాటింపు వేసింది. అభ్యంతరాలుంటే వచ్చి చెప్పమని నడివేసవిలో సభ పెట్టింది. అప్పుడు కప్పలన్నీ ఆ బురదలోనే నిద్రపోతుంటాయి. సభకు వెళ్లింది నేనొక్కణ్ణే.

"వానలు పడనివ్వండయ్యా, కప్పలు లేస్తాయి!" అని కొండలు బీటలు వారేలా అరిచాను.

"నీ ఒక్కడికేనా తాతా బాధ? మిగతావాళ్లు నోరు మెదపలేదుగా, ఒప్పుకున్నట్టే!" అంది పెద్దకొంగ.

బురదతోపాటు కప్పల్నీ తోడేశారు. ఏనుగులు లాగినా కదలకుండా కూర్చుని, నా పొట్టకింది బురదను మాత్రం కాపాడాను.

తొలకరికి చెరువు మూగబోయింది. అబద్ధమంటారా? నా కింద మిగిలిన ఆ ఒక్క కప్పను అడగండి. వాన పడ్డప్పుడల్లా అరుస్తుంది, బదులు కోసం ఆగుతుంది, మళ్లీ అరుస్తుంది. పేరు బోదురమ్మ.