గడపలో గుంట

పాత సామానుకు మెరుగు పెట్టి కొత్తదని అమ్మడం అతని వ్యాపారం. ఇప్పుడు కొత్త ఇంటిని పాతదని నమ్మించాలి. బేరం తిరగబడింది. అవతలున్నది అల్లాటప్పా మనిషి కూడా కాదు, మామ్మ.

మామ్మకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. అప్పట్నుంచీ ఆ ఇంటిని చేతులతో, పాదాలతో చూస్తోంది. ఏరు పొంగి వీధుల మీద పడ్డనాడు ఆవిడ గుండెజబ్బుతో ఆస్పత్రిలో ఉంది. అందుకే బతికింది. ఇంటికి పునాది రాళ్ళు మిగిలాయి.

"ఇంకో పెద్ద దెబ్బ తగిలితే ఆ గుండె తట్టుకోదు," అన్నాడు డాక్టరు కోడలితో. "ఏమీ తెలియనివ్వకండి."

కోడలు తెలియనివ్వలేదు. నీళ్ళు వీధి మొగదాకా వచ్చి వెనక్కి పోయాయని చెప్పింది. ఫోన్లో అతనూ అదే పాట పాడాడు, మధ్యమధ్య దగ్గుతూ, మాట తుంచుతూ. ఆస్పత్రికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. వెళితే దొరికిపోతాడు.

ఏరు పట్టుకుపోయినవాటిలో రాబట్టగలిగినవి ముందు రాబట్టుకోవాలి, రానివాటికి తర్వాత ఏడవొచ్చు. అదీ అతని లెక్క. ఆ మాట అన్నప్పుడు కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అవతలికి వెళ్ళిపోయింది.

మందుల పేరు చెప్పి మామ్మను ఆస్పత్రిలోనే ఆపి, కట్టడం మొదలుపెట్టారు. మేస్త్రి తల పట్టుకున్నాడు.

"గోడ వంకరగా కట్టమంటారేంటండీ? నా పేరు పోతుంది."

"నీ పేరు ఎవరికీ చెప్పనులే. కట్టు."

వంటగది మూల పెచ్చు ఊడినట్టు ఉండాలి. తలుపు సగం తెరుచుకున్నాక కిర్రుమనాలి. కొత్త బందుల్ని ఉప్పునీళ్ళలో నానేసి తుప్పు పట్టించాడు. గడప మధ్యలో తరాలుగా పాదాలు అరగదీసిన గుంట ఒకటి ఉండేది. కొత్త గడపను ఉలితో తొలిచి, తడి ఇసుక వేసి, చేతులు పుళ్ళు పడేదాకా రుద్దాడు.

"చొక్కా మేకు ఇక్కడేనా?" అని అడిగాడు.

"ఇంకో బెత్తెడు కిందకి," అంది పిల్ల. మామ్మ మనవరాలు, పదేళ్ళది. మామ్మ మంచం పక్కనే పెరిగిన పిల్ల కాబట్టి ఇల్లంతా దానికి కంఠోపాఠం.

మేస్త్రి నవ్వాడు. "ఇంట్లో మేకు ఎక్కడుందో కూడా తెలీదా అండీ?"

"కొట్టుతోనే కాపురం చేసినవాణ్ణి. ఇంటి సంగతులు ఆడవాళ్ళనే అడగాలి," అన్నాడతను. బెత్తెడు కిందకి జరిపి మేకు కొట్టాడు.

గోడలకు రంగు వెయ్యలేదు. ఎవరు చూడొచ్చారు? అసలు శత్రువు సున్నం వాసన. దాన్ని చంపడానికి కొట్లోంచి పాత పరుపులు, పాత గోనెలు తెచ్చి గదినిండా పరిచాడు. అయినా పావలా వంతు వాసన మిగిలే ఉంది.

మామ్మ వచ్చే రోజు పొద్దున్నే పరిచిన పరుపులు, గోనెలు అన్నీ తీసేశాడు. మామ్మను తీసుకురావడానికి బయల్దేరుతూ కోడలు గుమ్మంలో ఆగింది.

"ఎక్కువ మాట్లాడకు. భయపడితే నీ గొంతు మారిపోతుంది. ఆవిడ పట్టేస్తుంది."

"చెయ్యి మాత్రం ఇవ్వకు," అంది పిల్ల. "మామ్మ చెయ్యి పట్టుకుందంటే అన్నీ తెలిసిపోతాయి."

అతను పుళ్ళు పడ్డ అరచేతుల్ని చూసుకున్నాడు. పిల్ల చెప్పింది నిజమే. ఈ చేతిలో నిండు ప్రాణం పెట్టి తూకం వేస్తున్నట్టుంది.

మధ్యాహ్నానికి ఆటో వచ్చి ఆగింది.

"నా... నాన్నా, మామ్మ వచ్చింది," అంది పిల్ల. నేర్పిన మాటే. అనేసి తల దించుకుంది.

మామ్మ పాదం గడప మీద పడింది. గుంటను వెతుక్కుంది. దొరికింది. అక్కడే కాసేపు నిలబడిపోయింది.

తలుపు కిర్రుమంది. మామ్మ గోడ వెంబడి చెయ్యి రాస్తూ నడిచింది. వంకర దగ్గర వేళ్ళు వంకరగానే తిరిగాయి. పెచ్చును తడిమింది. మేకును ముట్టుకుంది. కోడలు వెనకాలే నడుస్తోంది, పడిపోతే పట్టుకునేలా చేతులు చాచి.

మామ్మ ముక్కు ఎగబీల్చింది.

"సున్నం వాసనొస్తోందే?"

"వానలకి గోడ చెమ్మగిల్లితే ఒక పూత వేయించానమ్మా," అన్నాడతను, గొంతు తగ్గించి.

మామ్మ ముఖం అతని వైపు తిరిగింది. ఆ ముఖంలో ఏముందో తేల్చుకోలేకపోయాడు. ఎంత గడుసు బేరగాడి ముఖమైనా చదివేవాడికి ఇది అంతుపట్టలేదు.

ఆవిడ మంచం మీద కూర్చుని చెయ్యి చాపింది. "ఇలా రా."

అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. పిల్ల వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. మామ్మ చెయ్యి గాలిలో అలాగే ఉంది. ఇవ్వకపోతే అనుమానం, ఇస్తే ప్రాణం. ఎటు చూసినా నష్టమే. ఆ ముసలి చెయ్యిని అలా ఖాళీగా ఉంచడం అతనివల్ల కాలేదు.

ఇచ్చాడు.

మామ్మ ఆ అరచేతిని బొటనవేలితో నెమ్మదిగా నిమిరింది. వేళ్ళను ఒక్కొక్కటిగా తడిమింది. అతను ఆవిడ గుండెల వైపే చూస్తున్నాడు, ఎక్కడ ఆగిపోతాయోనని.

"ఇల్లు అచ్చు దింపేశావు నాయనా," అంది మామ్మ ఆ చేతిని వదలకుండానే, "మీ బావ బతికుంటే నా కడుపున పుట్టిన వాడు కూడా ఇంత బాగా కట్టేవాడు కాదు."