ఇద్దరికి సరిపడా అన్నం

పొద్దున్నే కొట్టు తెరుస్తూనే నాగేంద్రబాబు బయటున్న చెక్కబల్లను లోపలికి లాగేశాడు.

చిలకలూరిపేట పోయే రోడ్డు పక్కన పురుగుమందుల కొట్టు అతనిది.

కాసేపటికి ఖాజావలి వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి. భుజాన తువ్వాలు, చేతిలో అన్నం క్యారేజీ. బల్ల కనిపించక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"సాయిబుగారూ, రేపట్నుంచి మీరు ఇక్కడికి రావద్దు" అన్నాడు నాగేంద్రబాబు.

"నేనేం చేశాను బాబూ?"

"ఇంకేం చెయ్యాలండీ? మందు కొన్నవాడి వెంటబడి 'అన్నం తిన్నావా' అంటారు. నా కొట్లో కొన్నవాళ్లంతా చావడానికే కొంటున్నట్టుందని జనం పక్క కొట్టుకి పోతున్నారు."

"అందర్నీ అడగను బాబూ. పత్తి పీకేశారు, మిరపకాయ కళ్లాల్లోకి చేరింది. ఇప్పుడు చేలో మందు కొట్టే పనేముంది? అలాంటప్పుడు కొన్నవాణ్ణే అడుగుతాను."

"అసలు మీకెవరు చెప్పారు ఈ పని?"

"దేవుడు చెప్పాడు."

కొట్లో ఉన్న నలుగురూ గొల్లున నవ్వారు.

"మాకెవరికీ చెప్పలేదే! మీకెక్కడ కనిపించాడేంటి?"

"ఈ కొట్లోనే" అన్నాడు ఖాజావలి, నాగేంద్రబాబు వంక చూస్తూ.

నవ్వు ఇంకా పెద్దదైంది. ఆయన కూడా కొంచెం నవ్వాడు, పాపం.

నవ్వేవాళ్లే గాని ఆయన పక్కన నిలిచేవాళ్లు లేరు. మసీదు పెద్దలు "ఈ వయసులో నమాజు చేసుకుంటే చాలదా?" అన్నారు. కూతురు నస్రత్ "పరువు తీస్తున్నావు నాన్నా, ఇంట్లో ఉండు" అని ఏడ్చింది.

ఆ బల్ల మీద ఆయన పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. పిచ్చి అంటుకుంటుందని భయం కాబోలు.

అయినా రోజూ ఇద్దరికి సరిపడా అన్నం తెచ్చేవాడు. మధ్యాహ్నం దాకా ఎదురుచూసి, సగం తిని, మిగిలిన సగం మోసుకుని ఒక్కడే నడిచిపోయేవాడు. చూసేవాళ్లకు జాలి కలగాలి. కలగలేదు.

ఒకటి రెండుసార్లు సీలు తియ్యని మందు డబ్బా తెచ్చి "ఇది వెనక్కి తీసుకో బాబూ" అన్నాడు.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అన్నాడు నాగేంద్రబాబు. అది ఎవరిదో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు.

ఒకప్పుడు నాగేంద్రబాబు కూడా వచ్చినవాళ్లను నోరారా పలకరించేవాడు. బేరం పెరిగాక తీరిక తగ్గింది.

మర్నాడు ఖాజావలి రోడ్డుకు అవతల, కరెంటు స్తంభం నీడలో నిలబడ్డాడు. ఆ నీడ ఒక మనిషికి చాలదు.

"ఎన్నాళ్లు నిలబడతాడో చూద్దాం" అన్నాడు నాగేంద్రబాబు.

చాలా రోజులే నిలబడ్డాడు. ఎండలు ముదిరాక ఒకరోజు రాలేదు. ఆ తర్వాత ఇక రాలేదు.

పీడ వదిలిందనుకున్నాడు నాగేంద్రబాబు.

ఓ రోజు కొట్టుకి ఒకామె వచ్చింది. చేతిలో కొత్త కారం పొట్లం.

"ఇక్కడ కూర్చునే సాయిబుగారు ఏరండీ? ఈ కారం ఇద్దామని వచ్చాను."

"ఆయన మీకేమవుతాడమ్మా?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నా పేరు వెంకటరావమ్మండీ. మా ఆయన యలమందయ్య, కాయలు కళ్లంలో ఆరుతుండగా మీ దగ్గర డబ్బా కొన్నాడు. ఆ పెద్దాయన చేనిదాకా వెంటబడి వచ్చి 'అన్నం తిన్నావా అబ్బాయ్' అన్నాడంట. ఇద్దరూ గట్టు మీద కూర్చుని ఒకే క్యారేజీలో తిన్నారంట. తింటూ తింటూ మా ఆయన బావురుమన్నాడు. డబ్బా ఆయన చేతిలో పెట్టి ఇంటికొచ్చేశాడు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమమ్మా?"

"ఏమని చెప్పమంటారండీ? పరువు కాదూ?"

ఆ డబ్బా అమ్మింది తనే. మనిషి మొహం కూడా చూడలేదు.

కారం పొట్లం తానే ఇస్తానని తీసుకున్నాడు. కొట్టు మూసి ఖాజావలి ఊరు వెళ్లాడు.

గుమ్మంలోకి నస్రత్ వచ్చింది. మందుల కొట్టు నాగేంద్రబాబునని చెప్పి సాయిబుగారిని అడిగాడు.

"నాన్న పోయి నెల దాటిందండీ. వడదెబ్బ."

కరెంటు స్తంభం నీడ గుర్తొచ్చి నాగేంద్రబాబు తల వంచుకున్నాడు. ఎత్తేసరికి లోపల గూట్లో మందు డబ్బాలు వరసగా కనిపించాయి. ఒక్కదానికీ సీలు తియ్యలేదు. అన్నిటి మీదా తన కొట్టు చీటీయే.

"ఒక్కో డబ్బా ఒక్కో మనిషట" అంది నస్రత్. "పేర్లు మాత్రం నాక్కూడా చెప్పలేదు. నేను పిచ్చనుకున్నాను. ఆయన పోయాక ఒక్కొక్కరే వచ్చి ఏడ్చి వెళ్తున్నారు."

చివరి డబ్బా బాగా పాతది. చీటీ వెలిసిపోయింది.

"ఇదెవరిదమ్మా?"

"అది నాన్నదేనండీ. అమ్మ పోయిన ఏడే నల్లతామర పురుగు సోకి మిరప తోటంతా పోయింది. అప్పుడు తనకోసం కొనుక్కున్నాడు."

"మరి... ఎవరు ఆపారు?"

నస్రత్ అతని మొహంలోకి వింతగా చూసింది.

"డబ్బా చేతికిస్తూ మీరే 'అన్నం తిన్నారా సాయిబుగారూ' అని అడిగారటగా, మీ నోటితో ఆ మాట దేవుడే అడిగించాడని వెనక్కొచ్చేశాడండీ."