ట్యాంకు మూత

పాత ట్రక్కు మళ్ళీ ఆగిపోయింది. వెనకాల పరుపు మీద అమ్మ ఆయాసపడుతోంది. ఆసుపత్రి ఇంకా చాలా దూరం. దారిలో ఒక్క దీపం లేదు. మెకానిక్ పని చేసే అన్నయ్యకు ఫోన్ చేశాను.

"కాస్త దూరం నడిచి ఆగుతోందా? డీజిల్ ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం పూడుకుపోయుంటుంది. దాని వయసుకి దానికీ ఆయాసమేనే! మూత తియ్యి, గాలి పీల్చుకోనీ."

మూత తిప్పాను. ట్యాంకు బుస్సుమంటూ గాలి లాక్కుంది. మూత బిగించాక ఇంజను అందుకుంది. వంతెన దాటామో లేదో మళ్ళీ చచ్చింది.

దిగి, మళ్ళీ మూత తీశాను. ఈసారి గాలి లోపలికి వెళ్ళి, మెల్లగా బయటికొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. సన్నటి పిల్లికూత, చివర్లో చిన్న దగ్గు. చిన్నప్పటినుంచీ పక్కగదిలో వింటున్న దగ్గు.

పరుగున వెనక్కి వెళ్ళి అమ్మ ముక్కు దగ్గర చెవి పెట్టాను. చప్పుడు లేదు. దుప్పటి కదలడం లేదు. ట్యాంకు దగ్గర మాత్రం ఆయాసం వినిపిస్తూనే ఉంది.

"ఏం చేస్తున్నావే?" ఫోన్లో అన్నయ్య అరిచాడు. "మూత పెట్టి బయల్దేరు! ఆలస్యమైతే అమ్మ దక్కదు!"

మూత నా చేతిలోనే ఉంది. ఎలా పెట్టను?