చెవిపూస చెప్పిన ‘మేము’

వచ్చే ఏడాది నుంచి బడుల్లో భాషోపాధ్యాయులు ఉండరన్న వార్తను విశాఖపట్నం ఉపాధ్యాయుల సదస్సులో భోజనాల వేళకే అందరూ నమ్మేశారు. ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి త్రివేదిగారు ప్రారంభోపన్యాసం హిందీలో చేశారు. దాన్ని ప్రతి ఒక్కరి చెవిపూసా తెలుగులో వినిపించింది: “వచ్చే ఏడాది పిల్లలకు భాష మేమే నేర్పుతాం.” కూరగాయల బేరం నుంచి కోర్టు వాదన దాకా అనువదించి పెట్టే చెవిపూసను శంకించే అలవాటు అప్పటికే అందరికీ పోయింది.

“మేమంటే ఆళ్లే కదేటి? ఇంక నాను జీడితోటకి కాపలాయే,” అన్నాడు పప్పన్నం కలుపుతూ సాలూరు తెలుగు మాస్టారు పైడినాయుడు.

పక్కనే కూర్చున్న హిందీ టీచరు హైమవతి అడిగింది. “మాస్టారూ, మీరు పూసతో విన్నారా, చెవితో విన్నారా?”

“రెండూ ఒకటే కదమ్మా!”

“అయితే మీకు జీడితోటే సరి.”

ఆమె చెయ్యి కడుక్కుని, పూస తీసేసి, త్రివేదిగారి దగ్గరకు వెళ్లి హిందీలోనే అడిగింది. “మీరు పొద్దున అన్న ‘హమ్’లో మేమూ ఉన్నామా?”

ఆయన తెల్లబోయారు. “మీరు లేకుండా పాఠం ఎవరు చెబుతారమ్మా, నేనా?”

హైమవతి తిరిగి వచ్చి ఆ జవాబు వినిపించింది. పైడినాయుడు అన్నం కలపడం ఆపేశాడు.

“మరి పూస ‘మేము’ అనెందుకు చెప్పిందమ్మా?”

“మేము అన్నా, మనం అన్నా హిందీలో ‘హమ్’ ఒకటే మాట, మాస్టారూ.”