తాళాల గుత్తి

"చెప్పి వెళ్తే ఇల్లు పీకి పందిరేస్తారమ్మా పిల్లలు. చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోండి," అంది వార్డెన్ గొంతు తగ్గించి.

చూపులేని పిల్లలు ఉండి చదువుకునే బడి అది. చేర్పించే కాగితాల మీద అప్పుడే సంతకాలయ్యాయి. ఏడేళ్ల కూతురు తన కొత్త మంచం కోళ్లు తడిమి చూసుకుంటోంది.

తల్లి నడుముకి తాళాల గుత్తి ఉంది. పిల్ల నడక నేర్చిన రోజు నుంచీ, తనెక్కడుందో దానికి తెలియాలని ఇల్లంతా ఆ గుత్తి మోగిస్తూ తిరిగిన మనిషి. ఇప్పుడు ఆ గుత్తిని పిడికిట్లో బిగించి, చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా అడుగులేస్తూ గుమ్మం దాకా వెళ్లింది.

"అమ్మా, చెప్పులేసుకో. బయట గచ్చు కాలిపోతోంది."

తల్లి గుమ్మంలోనే వెనక్కి తిరిగింది. "తాళాలు మోగలేదుగా, ఎలా తెలిసిందే?"

"అవి మోగకపోయినా నువ్వెక్కడున్నావో నాకెప్పుడూ తెలుసమ్మా. మోగిస్తే నీకు ధైర్యంగా ఉంటుందని ఊరుకున్నా." పిల్ల మళ్లీ మంచం వైపు తిరిగింది. "ఇంక వెళ్లు, బస్సు పోతుంది."

ఆ సాయంత్రం ఇంటి తలుపు తీశాక, తల్లి గుత్తి మోగించుకుంటూ వంటింట్లోకి వెళ్లింది, పడగ్గదిలోకి వెళ్లింది, మళ్లీ వంటింట్లోకి వచ్చింది.